హ్యాండిల్ ఎత్తు పెంచుకుని మన్ననూర్ దాకా

గద్వాలలో మా ఇంటి వసారాలో మా పెద్ద బండి ఏడాదిన్నరగా పాత దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. దూర ప్రయాణాల కోసం ముచ్చటపడి కొన్న టూరింగ్ బండి అది. నడిపేది నేను, వెనక కూర్చునేది మా ఆయన శేఖర్. మీరు సరిగ్గానే చదివారు. నేను ఒక విత్తనాల కంపెనీలో పని చేస్తాను. సీడు పత్తి చేలు చూడడానికి ఊరూరూ తిరగడమే నా ఉద్యోగం, కాబట్టి పెళ్లికి ముందు నుంచే బండి నాకు అలవాటు. శేఖర్ జాకెట్లు కుట్టే దర్జీ. మిషను తొక్కమంటే పొద్దుగూకేదాకా తొక్కేవాడు కానీ బండి గేరు వేయమంటే మాత్రం చెమటలు పట్టేవి. "నాకు తొక్కుడు తెలుసు, తోలుడు తెల్వదు. నువ్వు తోలు సువర్ణా, నేను చూస్త" అనేవాడు. మా పంపకం పద్నాలుగేళ్లు అలాగే సాగింది. నేను రోడ్డు మీది కంకర, అడ్డం వచ్చే బర్రెలు, ముందుపోయే లారీ వెనకభాగం చూసేదాన్ని. మిగిలిన లోకమంతా ఆయన చూసి నా చెవిలో చెప్పేవాడు. మోదుగ ఏ రంగులో పూసిందో, అది ఏ చీర అంచుకు సరిపోతుందో, ఏ గుట్ట మీద మేకలు ఎక్కాయో అన్నీ చెప్పేవాడు. నల్లమలకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్క లేదు. అయినా ఆ అడవిని నేను చూసిన దానికంటే విన్నదే ఎక్కువ.

జ్వరమని దవాఖానకు పోయిన మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాత బండి మీద దుప్పటి కప్పాను. ఊళ్ల మీద పనికి స్కూటీ ఉంది, అది చాలు. పైగా ఈ ఏడాది నా కుడి భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. ముందుకు వంగి చేతులు చాపే పని పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. మా పెద్ద బండి హ్యాండిలేమో కిందికి, దూరంగా ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే అనుకున్నాను. మా మరిది రమేశ్ బండి కొనడానికి రాయచూరు నుంచి ఒక గిరాకీని కుదిర్చాడు. "వదినా, కదలకుంటె బండి ఖరాబైతది. మంచి రేటు వచ్చినప్పుడే ఇచ్చెయ్యాలె" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు, అందుకే కోపం కూడా వచ్చింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. హ్యాండిల్ ఎత్తు పెంచితే నా బాధ తగ్గుతుందని విన్నాను. వనపర్తిలో పెట్టించుకుని, అటు నుంచి అటే మన్ననూర్ వెళ్లి రాగలిగితే బండి ఉంటుంది, లేదంటే సోమవారం రాయచూరు పోతుంది. మరిదికి చెప్పని కోరిక ఇంకొకటి ఉంది. చెవులతో చూసిన అడవిని ఒక్కసారి కళ్లతో చూడాలి.

శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరాను. దుప్పటి తీసి, బ్యాటరీ, టైర్లలో గాలి, ఆయిలు అన్నీ ముందురోజే చూపించాను. ఎక్కువ రోజులు నిలిపిన బండిని ఇవి చూడకుండా రోడ్డెక్కించకండి. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి, జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరులో కుడిచేతి వైపు తిరిగితే వనపర్తి. మెల్లగా వచ్చినా రెండు గంటల లోపే. రోడ్డు బాగుంటుంది. లారీలు మాత్రం ఎక్కువ. కృష్ణ వంతెన మీదికి రాగానే అలవాటుగా చెవి వెనక్కి పెట్టాను. "ఇయ్యాల కృష్ణమ్మ బక్కగున్నది" అనో, "నిండుకుండ లెక్కుంది" అనో వినబడాలి. గాలి తప్ప ఏమీ వినబడలేదు. తలతిప్పి నేనే చూద్దామనుకునేసరికి వెనక లారీ వాడు హారన్ మోగించాడు. నాకు బండరాళ్లు కనిపించినట్టే ఉంది, నీళ్లు ఎంత ఉన్నాయో తెలియదు.

పెబ్బేరులో ఆగేటప్పటికి భుజంలో ఎవరో సూదితో కుడుతున్నట్టు ఉంది. పది రూపాయల చాయ్, రెండు మిరపకాయ బజ్జీలు తీసుకుని నిలబడ్డాను. చాయ్ పోసే పెద్దాయన బండిని, నన్ను, మళ్లీ బండిని చూశాడు.

"గింత పెద్ద బండి నువ్వే నడుపుతున్నవా అమ్మా?"

"బండి నన్ను నడపదు కద పెదనాయనా."

"అట్ల కాదు, ఎన్క సార్ ఎవరన్న ఉన్నడేమో అని చూసిన" అన్నాడు. సైడున కొక్కేనికి శేఖర్ హెల్మెట్ వేలాడుతోంది, దాన్ని చూసి అన్నాడేమో. ఆ హెల్మెట్‌ను అక్కడి నుంచి తీయాలని నాకెప్పుడూ తోచలేదు. చాయ్ వేడిగా ఉంది, గబగబా తాగేశాను.

వనపర్తిలో మెకానిక్ మౌలాలి భాయ్ షెడ్డు తొమ్మిదింటికి తెరుస్తారు. ముందే ఫోన్ చేసి సామాను తెప్పించి ఉంచమన్నాను. మీరూ అలాగే చేయండి, లేకపోతే హైదరాబాద్ నుంచి పార్సిల్ వచ్చేదాకా పడిగాపులు కాయాలి. హ్యాండిల్ ఒక్కటే కొంటే సరిపోదని అక్కడే తెలిసింది. హ్యాండిల్ నాలుగు వేళ్లు పైకి లేస్తే క్లచ్ వైరు, ఎక్సలేటర్ వైరు, ముందు బ్రేకు గొట్టం, మూడూ పొట్టివైపోతాయి. "చానమంది పైసలు మిగులుతయని పాత వైర్లే ఉంచుతరు అక్కా" అన్నాడు మౌలాలి భాయ్, పాత హ్యాండిల్ మీది రబ్బర్లు ఊడదీస్తూ. "బండి సక్కగ పోతున్నంతసేపు మంచిగనే ఉంటది. మల్పినప్పుడు వైరు గుంజుకుంటది, ఇంజను రేసు దానంతట అదే లేస్తది. ఘాటు రోడ్డుల గట్లయితె ఏమైతది చెప్పుండ్రి." వైర్లు కూడా మార్చమన్నాను. వైర్లు, గొట్టం, హ్యాండిల్, కూలి అన్నీ కలిపి నాలుగు వేల లోపే అయింది. మూడు గంటల పని.

మౌలాలి భాయ్‌కి నలభై ఏళ్లుంటాయి. నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. షెడ్డు ముందు ఇంకో నలుగురు ఎదురు చూస్తుంటే అందరితోనూ ఒకేసారి పోట్లాడుతున్నాడు. ఎత్తు కొలవడంలో ఆయనది ఒక పద్ధతి. టేపు పట్టడు. కొత్త హ్యాండిల్ బిగించే ముందు మనిషిని బండెక్కించి కళ్లు మూసుకోమంటాడు.

"రోజు ఎట్ల కూసుంటరో గట్ల కూసోండ్రి అక్కా. హ్యాండిల్ మాట మర్చిపోండ్రి. చేతులు లేపి, మీకు యాడ హాయిగ ఉంటదో ఆడ పట్టుకోండ్రి. పరేషాన్ కావొద్దు, ఎవరు నవ్వరు."

నవ్వారు. కళ్లు మూసుకుని, గాలిలో చాట పట్టుకుని చెరుగుతున్నదానిలా నేను కూర్చుంటే నవ్వరా మరి. భుజం ఎక్కడ నొప్పి పెట్టలేదో అక్కడ పిడికిళ్లు బిగించాను. ఆయన కొత్త హ్యాండిల్ తెచ్చి నా పిడికిళ్లలో పెట్టి, ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, "కదలొద్దు, కదలొద్దు" అంటూ నాలుగు బోల్టులు బిగించాడు. నేను కళ్లు తెరిచాక ఆయన ఒకసారి సీటు వైపు చూసి అడిగాడు.

"మీరు కూసునే జాగ ఇదేనా అక్కా?"

"పద్నాలుగేండ్ల సంది ఇట్లనే కూసుంటున్న భాయ్."

"అయితె ఫికర్ లేదు." ఇంజను స్టార్ట్ చేసి, హ్యాండిల్ ఈ చివరి దాకా, ఆ చివరి దాకా తిప్పి, చెవి పెట్టి విన్నాడు. రేసు లేవలేదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏ షెడ్డు నుంచీ బండి తీసుకోకండి.

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు గోపాల్‌పేట మీదుగా వెళ్లాను. గంటంబావు దారి. మొదటి అరగంట ఎలా గడిచిందో చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గుగా ఉంది. హెల్మెట్ లోపల పాడుకున్నాను. నా గొంతు గురించి తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. నడుము నిటారుగా, మోచేతులు వదులుగా, గాలి ఎదురొమ్ముకు తగులుతూ ఉంటే బండి నాదే, ఎవడికీ ఇచ్చేది లేదు, రాయచూరు వాడు రాయచూరులోనే ఉండనీ అనుకున్నాను. వేరుశనగ తీసిన చేలు, ఎర్రటి మట్టి, అక్కడక్కడా మోదుగలు. ఆ మోదుగ రంగును ఆయనైతే ఏమనేవాడో అని ఆలోచించాను. మామిడిపండు అంచు అని ఉండేవాడు.

నాగర్‌కర్నూల్ ఇంకా కొంత దూరం ఉందనగా సూది మళ్లీ మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత పట్టు పట్టి. చేతులు చాచినట్టవుతోంది, భుజం గుంజుతోంది. కొత్త హ్యాండిల్ కదా, అలవాటు కావాలేమో అని సర్దిచెప్పుకున్నాను. ఊళ్లోకి వచ్చేసరికి ఒంటిగంటన్నర అయింది. బస్టాండుకు కొంచెం ఇవతల ఒక ఇంట్లో పెట్టిన మెస్సులో జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, గుడ్డు కలిపి తొంభై రూపాయలు. రొట్టెలు మన కళ్ల ముందే చేత్తో చరిచి కాలుస్తారు. నేను ఎడమచేత్తో రొట్టె తుంచుకోవడం చూసి ఆ వంటమ్మ అడిగింది.

"భుజం పట్టిందా అక్కా?"

"ఎన్నో రోజుల సంది ఉన్నదే."

"ఉప్పు ఏంచి గుడ్డల కట్టి కాపడం పెట్టు. మా ఇంటాయనకు నేనే పెడత. నీకు పెట్టెటోళ్లు లేరా?" అని, నా మొహం చూసి, అడగకుండానే ఇంకో రొట్టె వేసింది. ఆ రొట్టెకు డబ్బు తీసుకోలేదు.

నాగర్‌కర్నూల్ నుంచి తెల్కపల్లి మీదుగా బల్మూర్ చేరేసరికి మూడున్నర అయింది. రోడ్డు కొన్నిచోట్ల సన్నగా ఉంటుంది, వడ్లు ఎండబోసిన చోట జాగ్రత్త. ఆ దారంతా నాకు నొప్పి తప్ప ఏమీ గుర్తు లేదు. బల్మూర్‌లో బండి పక్కకు ఆపి దిగాక, కుడిచేత్తో హెల్మెట్ బెల్టు విప్పలేకపోయాను. రోడ్డు పక్క అరుగు మీద కూర్చున్నాను. బండి వైపు చూడబుద్ధి కాలేదు. మెరిసే కొత్త హ్యాండిల్ వేసుకుని, అది పెళ్లిచూపులకు తయారైనట్టు ఉంది. మరిదికి ఫోన్ చేశాను.

"రమేశ్, సోమవారం ఆ రాయచూరు గిరాకీని రమ్మను."

"కొత్త హ్యాండిల్ మంచిగ లేదా వదినా?"

"హ్యాండిల్ మంచిగనే ఉన్నది. నాకే చాతనైత లేదు."

"సరె వదినా. పైలంగ రా." గెలిచినట్టు మాట్లాడతాడనుకున్నాను. అతని గొంతు కూడా దిగిపోయింది. అన్న కూర్చున్న బండి అతనికి మాత్రం ఉత్త ఇనుమా?

అక్కడి నుంచే తిరిగిపోవచ్చు. కానీ ఎటూ ఆఖరిసారే కదా, పోతే భుజం పోనీ అనుకున్నాను. అచ్చంపేటలో రెండొందల రూపాయల పెట్రోలు పోయించుకున్నాను. అడవిలోకి వెళ్లేవాళ్లు ఇక్కడే పోయించుకోవడం మంచిది. అచ్చంపేట దాటి హాజీపూర్ చౌరస్తా దగ్గర ఒకామె చెయ్యెత్తింది. అరవై దాటి ఉంటాయి. నెత్తి మీద చిన్న మూట.

"మన్ననూర్ పోతవా బిడ్డా? బస్సు ఎల్లిపోయింది."

పేరు ఈదమ్మ. మన్ననూర్ దగ్గర ఒక గూడెం ఆమెది. ఎండాకాలంలో అడవికి నిప్పంటుకోకుండా ఎండుగడ్డి చెక్కి దారులు తీసే పని ఫారెస్టు వాళ్లు ఇస్తారు, ఆ కూలికి పోతుంది. కొక్కేనికి ఉన్న హెల్మెట్ తీసి ఆమెకు ఇచ్చాను. నెత్తిన పెట్టుకుని, "ఇది కుండ బోర్లించినట్టున్నది, ఏం ఇనవడది" అని గొణిగింది. ఆయన కొలతకు సరిపెట్టిన బెల్టును ఆమె గడ్డం కిందికి బిగించాను. ఆమె మూట ఒళ్లో పెట్టుకుని, నా వెనక ఒక్కసారిగా ఎక్కి కూర్చుంది. పైన ఎముకలే కానీ బరువైన మనిషి.

హాజీపూర్ దాటాక మన్ననూర్ దాకా ఘాటు రోడ్డు, అంతా ఎక్కుడే. మలుపులు పెద్దవి కావు కానీ ఎదురుగా శ్రీశైలం బస్సులు దిగుతుంటాయి, తొందర పడకూడదు. రెండు మలుపులు ఎక్కాక నాకు అనుమానం వచ్చింది. నొప్పి లేదు. అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టాల్సిన ఘాటులో భుజం హాయిగా ఉంది. మోచేతులు వదులుగా ఉన్నాయి, వనపర్తిలో కళ్లు మూసుకుని పట్టుకున్న చోటే చేతులు ఉన్నాయి. ఏమైందో అర్థం కాలేదు కానీ ఆ సంతోషంలో, పాత అలవాటు కొద్దీ, తల కొంచెం పక్కకు వంచి అడిగేశాను.

"ఏం కనవడుతుందో జర చెప్పు అవ్వా."

"ఏందీ?"

"పక్కన ఏమున్నదో చెప్పు. నేను రోడ్డు చూడాలె కద."

"నీకు కండ్లు లేవా బిడ్డా? ఆపి చూడరాదా?"

పద్నాలుగేళ్లలో ఈ మాట మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆపాను. నేను ఆపిన చోటు మామూలు చోటు కాదు. ఎడమవైపు లోయలోకి తెరుచుకునే ఒక మలుపు. ప్రతిసారీ అక్కడికి రాగానే శేఖర్ ఒకే మాట చెప్పేవాడు. "కింద దూరంగ నీళ్లున్నయ్ సువర్ణా, ఇత్తడి పళ్లెం లెక్క మెరుస్తున్నయ్. అట్లనే ఉన్నయ్, నువ్వు నిమ్మలంగ తోలు." ఏ కాలంలో పోయినా ఆ నీళ్లు ఉండేవి, మెరిసేవి. నేను చూడాలనుకున్నది ముఖ్యంగా ఆ పళ్లాన్నే. రోడ్డు పక్క రాతి గోడ దగ్గర నిలబడి కిందికి చూశాను. చెట్లు. ఆకు రాలిన చెట్లు, వాటి వెనక ఇంకా చెట్లు, నడుమ నడుమ మోదుగల ఎరుపు. నీళ్లు లేవు. ఎండాకాలం కదా, ఎండిపోయాయేమో అనుకుని ఈదమ్మను అడిగాను.

"ఈడ నీళ్లెక్కడియి బిడ్డా? ఉంటె మాకు గింత గోస ఎందుకు? నాకు బుద్ధెరిగిన కాడికెల్లి ఈ దిక్కు నీళ్లు సూడలే."

"వానకాలం కూడ ఉండవా?"

"వానకాలమైతె పొగమంచు. చెట్టే కనవడదు, నీళ్లేం కనవడతయి?"

ముందు నవ్వొచ్చింది. నిజంగా గట్టిగా నవ్వాను, ఈదమ్మ భయపడింది కూడా. అబద్ధాలకోరు, పద్నాలుగేళ్లు లేని నీళ్లు చూపించాడు. తర్వాత ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మలుపులో ఎదురుగా బస్సు వస్తే నేను బిగుసుకుపోయేదాన్ని. వెనక కూర్చున్న మనిషికి నా వీపు బిగవడం తెలుస్తుంది కదా. అందుకే అక్కడే నీళ్లు చెప్పేవాడు. ఆయన అడవిని చూస్తున్నాడనుకున్నాను, ఆ మలుపులో మాత్రం నన్ను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ సంగతి తెలిసినప్పుడు వెనక్కి తిరిగి ఒక్కటి వేయడానికి మనిషి లేడు. ఈదమ్మ మూటలోంచి రెండు రేగుపండ్లు తీసి చేతిలో పెట్టింది, తిన్నాను.

మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి అయిదు దాటింది. ఇక్కడి నుంచి ముందుకు పులుల అడవి. రాత్రిపూట ఈ దారిలో బండ్లను వదలరు, లోపలి అడవి దారుల్లోకి మన బైకులను రానివ్వరు. వేళలు ముందే కనుక్కుని బయలుదేరండి. ఈదమ్మ దిగి, హెల్మెట్ నా చేతిలో పెట్టి, "సల్లగుండు బిడ్డా" అని గూడెం దారి పట్టింది. నేను చాయ్ చెప్పి మౌలాలి భాయ్‌కి ఫోన్ కలిపాను. నాగర్‌కర్నూల్ దారిలో నొప్పి ఎలా పట్టిందో, ఘాటులో ఎలా పోయిందో మొత్తం చెప్పాను.

"ఘాటుల ఎన్క ఎవరన్న ఎక్కిన్రా అక్కా?" అని అడిగాడు.

"ఒక అవ్వ ఎక్కింది."

"అంతకు ముంగట ఒక్కరే ఉన్నరా? మరి నాకేం తెల్వదాయె! మీరు ట్యాంకుకు ఆనుకొని కూసున్నరు, ఎన్క ఒక మనిషికి జాగ ఇడిసిన్రు. హెల్మెట్ సుత రెండోది ఉండె. ఇద్దరు పోతరనుకొని ఇద్దరి లెక్క బిగించిన. అడిగిన కద నేను, ఇదేనా జాగ అని?"

అడిగాడు. నేను నిజమే చెప్పాను. మా ఇంట్లో కొలతల గురించి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? కొలతకు నిలబడగానే ఆడవాళ్లు కడుపు లోపలికి గుంజుకుంటారని, తర్వాత జాకెట్ పట్టడం లేదని పోట్లాటకు వస్తారని శేఖర్ రోజూ మొత్తుకునేవాడు. దర్జీ పెళ్లాన్ని అయ్యుండి నేనూ అదే పని చేశాను. కళ్లు మూసుకోమనగానే ఆయనకు చోటు వదిలి ముందుకు జరిగి కూర్చున్నాను. రోడ్డెక్కాక వెనక ఆపే మనిషి లేడు కాబట్టి, బండి ఎత్తేసినప్పుడల్లా కొంచెం కొంచెం వెనక్కి జారిపోయాను. చేతులు చాచుకున్నాయి. హ్యాండిల్ తప్పు లేదు, భుజం తప్పు కూడా అంతగా లేదు.

"రెండు ఉపాయాలున్నయ్" అన్నాడు మౌలాలి భాయ్. "మీ బ్యాగు ఎన్క సీటు మీద గట్టిగ కట్టుకోండ్రి, అది మిమ్మల్ని ముంగటికే ఉంచుతది. హ్యాండిల్ ఇట్లనే ఉండనియ్యొచ్చు. లేకుంటె మీరు ఎన్కకు జరిగి మంచిగ కూసోండ్రి, నాలుగు బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ను మీ దిక్కు ఒక వేలు మందం తిప్పుకోండ్రి. తిప్పినంక రెండు దిక్కుల మల్పి రేసు ఇనుండ్రి, మర్చిపోవద్దు."

చాయ్ చల్లారిపోయింది. బండి సామాను సంచిలో బోల్టులు విప్పే పానా ఉంది, పని అయిదు నిమిషాలది. ఆ అయిదు నిమిషాల పనికి నేను చాలాసేపు తీసుకున్నాను. బ్యాగు కడితే సీటు మీద ఆయన చోటు అలాగే ఉంటుంది. ముందులాగే కూర్చోవచ్చు, వెనక ఏదో ఒకటి తగులుతూ ఉంటుంది. ఎంత మనసైందో మీకు చెప్పలేను. తాడు కూడా చేతిలోకి తీసుకున్నాను. కానీ సంచిని పట్టుకుని మొగుడనుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆ సంచి నన్ను చూసుకోదు, అబద్ధాలూ చెప్పదు. తాడు లోపల పెట్టేశాను. బండెక్కి వెనక్కి జరిగాను. ఇంకా జరిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ కూర్చోని చోట, సీటు నడిమధ్య, కూర్చున్నాను. మళ్లీ దిగి బోల్టులు వదులు చేసి, ఎక్కి కూర్చుని, ఈసారి కళ్లు మూసుకోకుండానే హ్యాండిల్‌ను నా వైపు లాక్కున్నాను. ఎడమచేత్తో బిగించి, రెండు వైపులా తిప్పి విన్నాను. రేసు లేవలేదు.

చీకటి పడకముందే అచ్చంపేటకు దిగిపోవాలని బయలుదేరాను. అక్కడ లాడ్జి గది ఏడు వందలు, వేడినీళ్లు పొద్దున మాత్రమే. ఘాటు దిగుతుంటే భుజం కిక్కురుమనలేదు. ఒక్క మలుపులోనూ లేదు. నొప్పి లేకపోవడం అంత ఏడిపిస్తుందని నాకు తెలియదు. నొప్పి ఉన్నంతసేపూ ఏదో లోటు ఉందని ఒళ్లు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒళ్లు కూడా ఒప్పేసుకుంది. హెల్మెట్ అద్దం మసకబారితే రెండుసార్లు ఆపి తుడుచుకున్నాను. ఆపిన రెండుసార్లూ అడవిని చూశాను. ఒకచోట కొండముచ్చులు చింతచెట్టు మీద కొట్లాడుకుంటున్నాయి. ఇంకోచోట మోదుగ చెట్టు కింద నేలంతా పూలు. మామిడిపండు అంచు కాదు, బాగా పండిన మిరపకాయ. నా కళ్లకు అలాగే కనిపించింది.

ఊళ్లోకి రాగానే మరిదికి ఫోన్ చేశాను. "సోమవారం ఎవర్ని తీసుకరాకు" అన్నాను. "మరి భుజం వదినా?" అన్నాడు. "కూసుండే జాగ మార్చుకున్న" అన్నాను. అర్థం కాకపోయినా, "మంచిగైంది" అన్నాడు, ఆ మాట రెండుసార్లు అన్నాడు.

ఆదివారం అదే దారిన మధ్యాహ్నానికి గద్వాల చేరాను. బండి మళ్లీ వసారాలోనే ఉంది, దుప్పటి మాత్రం ఉతికి మడతపెట్టాను. మనిషి కోసం ఎదురుచూసే అలవాటు అంత తొందరగా పోదు. వంతెన వస్తే చెవి వెనక్కే పోతుంది. పోనీ, దాని పని దానిది. పోయినవాళ్లకు మనసులో ఎంత చోటైనా ఇవ్వొచ్చు, అక్కడ ఇరుకేమీ లేదు. బండి మీద మాత్రం బరువంతా మన చేతులే మోస్తాయి, వాటికి అబద్ధం చెప్పకూడదని ఆ ఘాటు మీద నాకు తెలిసింది. మన్ననూర్‌కు మళ్లీ పోతాను, మోదుగలు రాలిపోకముందే.

ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటి. హ్యాండిల్ ఎత్తు పెట్టించుకోవడానికి బండెక్కినప్పుడు, మీరు ఇకమీదట ఎలా ప్రయాణిస్తారో అలాగే కూర్చోండి. ఇద్దరు వెళ్లేవాళ్లయితే ఇద్దరూ ఎక్కి కూర్చోండి. ఒక్కరే వెళ్లేవాళ్లయితే, ఎంత కష్టమైనా సరే, ఒక్కరిలాగే కూర్చోండి.